అక్క కారు, బావ ముద్ర

తూనికలు కొలతల శాఖలో జీవితమంతా ముద్రలు వేసి ఉద్యోగ విరమణ చేసిన ఆ పెద్దమనిషిని బజారులో అందరూ ముద్రగారనే పిలిచేవారు. త్రాసు పళ్లెం అడుగున మైనం అంటించినవాడు, తూకపురాయిని తొలిచినవాడు, ఆయన వీధి మలుపు తిరిగేసరికి తలుపులు మూసేసేవాడు. అంతటివారికీ కారు నడపడం మాత్రం రాదు. నడిపింది ఆయన భార్య. ఆమె ఇంటింటికీ వెళ్లి రోగులను చూసే నర్సు. ఒక డాక్టరు వాడి విడిచిన గుండ్రటి వీపు కారును కొనుక్కుని, ఏ వేళ కబురొస్తే ఆ వేళ దానిలోనే బయలుదేరేది. ముద్రగారు సెలవురోజుల్లో పక్క సీట్లో కూర్చుని వెంట వెళ్లేవారు. "మా అక్క డ్రైవరు, మా బావ క్లీనరు" అని ఆమె తమ్ముడు నలుగురిలోనూ అనేవాడు. ఆ మాటకు ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. నిజానికి కాస్త గర్వపడేవారు కూడా.

ఆమె పోయాక కారు పెరటి రేకుల కింద టార్పాలిను కప్పుకుని పడి ఉంది. ఆయన దాన్ని అమ్మనూ లేదు, బయటికి తీయనూ లేదు. అద్దాలు మాత్రం తుడిచేవారు.

అప్పుడు వెలువడింది ఆ ప్రకటన. ఇంత వయసు దాటిన బండ్లన్నీ గడువులోగా మళ్లీ నమోదు కావాలట. కానివి తుక్కు కింద లెక్కట. మనిషి ముసలివాడైతే పింఛను ఇచ్చే సర్కారు, బండి ముసలిదైతే కొలిమికి పంపుతుంది. ఆ బండి ఎందరి ప్రాణాలు నిలపడానికి పరుగెత్తిందో రాసుకునే గడి మాత్రం ఏ దరఖాస్తులోనూ ఉండదు. ముద్రగారు ప్రకటనను కత్తిరించి ఫైలులో పెట్టుకుని, తిన్నగా బావమరిది షెడ్డుకు వెళ్లారు.

బావమరిది రేకు పనివాడు. సొట్టలు తీయడం, తుప్పు కోయడం, అతుకులు వేయడం అతని వృత్తి. పేటలో అతన్ని డొక్కుల డాక్టరు అంటారు. వచ్చి, బానెట్ ఎత్తి, ఇంజను మీద చెవి ఆనించాడు.

"నాడి ఆడుతోంది బావా. బతుకుతుంది. కాకపోతే మందులన్నీ పాతసామాన్ల బజారులోవే వాడాలి. నీ పింఛనుకి కొత్తవి అరగవు."

"అరగాల్సింది కారుకా, నాకా?"

"ఇద్దరూ ఒక మోడలేగా."

ఆ విధంగా పని మొదలైంది. కార్బురేటర్ విప్పి కిరసనాయిల్లో నానబెట్టారు. ఎవరో విడగొట్టిన కారు నుంచి తలుపు పిడి వచ్చింది. దీపం చుట్టూ ఉండే వలయం వేరే కంపెనీది దొరికితే ఆకురాయితో అరగదీసి ఇమిడించారు. లారీలకు కప్పే గుడ్డ ముక్కలతో సీట్లు కుట్టించారు. రేకుకు లప్పం రాసేది బావమరిది. అది ఆరాక నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో నున్నగా రుద్దేది ముద్రగారు. డ్రైవరు వైపు కిటికీ అంచున, ఆమె మోచేయి ఆనించే చోట, రంగు అరిగి లోహం మెరుస్తూ ఉంది. బావమరిది అక్కడికి లప్పం తీసుకొస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది ఇలాగే ఉండనీ."

"చూసినవాళ్లు డాక్టరుకి పని రాదంటారు బావా."

"అననీ. ఇంతకుముందు మాత్రం వచ్చన్నారా?"

ఆయన కోరిక చాలా చిన్నది. ఆ కిటికీ ఉన్న కారు కొలిమిలో పడకూడదు. అది మళ్లీ రోడ్డెక్కాలి. తాను ఎప్పటిలాగే పక్క సీట్లో కూర్చోవాలి. ఆ మాట ఆయన పైకి చెప్పలేదు, బావమరిది అడగలేదు. ఇంజను దగ్గి, ఉమ్మి, చివరికి గొంతు సవరించుకున్న రోజున ఇద్దరూ చెరోవైపు తిరిగి నిలబడ్డారు. "పొగ ఎక్కువగా ఉంది" అని బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. అప్పటికి పొగ ఏమంత లేదు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. కొన్ననాటి రసీదు మొదలు అన్ని కాగితాలూ పట్టుకుని ముద్రగారు రవాణా కార్యాలయానికి వెళితే, అధికారి వాటిని తిరగేయకుండానే అన్నాడు: "ఇవన్నీ సరేనండీ. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసుకురండి."

ఆయన ఇంటికొచ్చి, ముందు చక్రం పైన, నంబరు చెక్కి ఉండాల్సిన వంపు రేకు మీద కాగితం ఆనించి, పెన్సిలు పడుకోబెట్టి రుద్దారు. కాగితం నల్లబడింది. అంకె ఒక్కటీ తేలలేదు. ఇంకొంచెం పక్కన రుద్దారు. అక్కడా నలుపే. తాను స్వయంగా నున్నన చేసిన రేకు అది.

"ఒరే, ఇక్కడుండే పాతరేకు ఏమైంది?"

"తుప్పు తినేసింది బావా. వేలితో నొక్కితే ఎండుటాకులా విరిగింది. కోసేసి కొత్తది అతికించాను."

"దాని మీద నంబరుండాలి."

"దాని మీద తారు ఉంది, పొరలు పొరలుగా రంగుంది. నంబరు నాకు కనపడలేదు బావా."

ఇద్దరూ ఇనుప సామాన్ల కొట్టుకు పరుగెత్తారు. ఆ కోతముక్కల మోపు కొలిమికి వెళ్లిపోయిందని కొట్టువాడు చెప్పాడు. ముద్రగారు మళ్లీ కార్యాలయానికి వెళ్లి, జరిగినది జరిగినట్టు గుమాస్తాకు వివరించారు. అతను పేరు గాని, బండి నంబరు గాని అడగలేదు.

"నంబరు పోయిందని రాసివ్వండి. విచారణ అయ్యేదాకా బండి మా ఆవరణలో ఉంటుంది."

"ఎన్నాళ్లు?"

గుమాస్తా గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. బయట కార్ల బానెట్లలోంచి పిచ్చితీగలు పైకి పాకి ఉన్నాయి. "అవన్నీ విచారణలోనే ఉన్నాయండీ."

ఇంజను నంబరు సరిపోయింది, కాగితాలు సరిపోయాయి, యజమాని నోటి మాట సరిపోయింది. జానెడు రేకు లేకపోయేసరికి ఆ కారు తాను కాకుండా పోయింది. నిజాయితీపరుడు నిజం చెబితే బండి తీగల పాలు; అబద్ధమాడితే రోడ్డెక్కుతుంది. ఇటువంటి నిబంధన రాసినవాడు ఏనాడైనా ఒక వస్తువును ప్రేమించి బాగుచేసుకుని ఉంటాడని నమ్మడం కష్టం.

గడువు దగ్గరపడ్డ మధ్యాహ్నం బావమరిది ఒక సంచితో వచ్చాడు. లోపల అంకెలు చెక్కిన ఉక్కు ముద్రలు.

"అబద్ధం ఎక్కడుంది బావా? కారు అదే, నంబరు అదే. పోయిన చోటే పెడుతున్నాం."

ముద్రగారికి ఒక పచారీ కొట్టువాడు గుర్తుకొచ్చాడు. అతని తూకపురాళ్లు నిక్కచ్చిగా ఉన్నాయి. ముద్ర మాత్రం దొంగది. తూకం సరిగానే ఉంది కదండీ అని అతను చేతులు పట్టుకున్నాడు. "జనం నమ్మేది రాయిని కాదు, ముద్రని" అని చెప్పి ఆయన కేసు రాశారు. ఆ కొట్టు మళ్లీ తెరుచుకోలేదు. అప్పుడు తాను చేసింది తప్పని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోలేకపోయారు, అదే చిక్కు.

"నువ్వు లోపలికెళ్లి పడుకో. నాకేం తెలీదని చెప్పుకో" అన్నాడు బావమరిది. సుత్తి అందుకుని, అక్క కారు రేకు మీద అంకె ఆనించాడు. మొదటి ముద్ర పట్టుకున్న వాలు చూసి ముద్రగారు లేచారు.

"ఇటివ్వు. వంకరొస్తుంది."

ఒక్కో అంకెకు ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ కొడితే అంచు చీలుతుంది. అది ఆయన కుర్రగుమాస్తాలకు నేర్పిన పాఠం. వరుస కొంచెమైనా చెదరలేదు. తన ఉద్యోగంలో ఆయన అంత తీరైన ముద్ర వేసి ఎరగరు.

"కంపెనీవాళ్లు కూడా ఇలా కొట్టరు బావా" అన్నాడు బావమరిది. ఆయన సుత్తి కింద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లి, చాలాసేపు రాలేదు.

అధికారి ఆ పెన్సిలు కాగితాన్ని ఫైలుకు గుచ్చి సంతకం చేశాడు. కుర్చీలోంచి లేవలేదు, కారును చూడలేదు.

మర్నాడు పొద్దున బావమరిది స్టీరింగు దగ్గర, ముద్రగారు పక్క సీట్లో, ఒళ్లో ఫైలు. కారు హుందాగా వీధులు దాటింది. నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు ఎవరినో ఆపడానికి చెయ్యెత్తాడు. ముద్రగారి వేళ్లు ఫైలు తాడు విప్పేశాయి. పోలీసు ఇటు చూడనైనా లేదు.

"ఏంటి బావా, పాదం అలా నొక్కేస్తున్నావ్? నీ కింద బ్రేకు లేదు."

"ఆపు."

"బాగానే నడుపుతున్నాగా?"

"ఆపరా."

ఆయన దిగి, రోడ్డు అంచున నడక సాగించారు. బావమరిది కారును ఆయన పక్కనే నత్తలా నడిపిస్తూ కిటికీలోంచి వంగాడు.

"ఎక్కు బావా. చూసేవాళ్లు కిరాయి బేరం కుదరలేదనుకుంటారు."

"నువ్వు పద."

"కోసింది నేను. పాపమేదైనా ఉంటే నాది."

"కోసినప్పుడు నీకు తెలీదు. కొట్టినప్పుడు నాకు తెలుసు."

"మరి ఇదంతా ఎవరి కోసం చేశాం? అక్క కారు కాదా ఇది?"

ముద్రగారు నడక ఆపలేదు. "ఇన్నాళ్లూ దీని మీద చెయ్యేస్తే ఆవిడే గుర్తొచ్చేది. ఇప్పుడు కూర్చుంటే ఆ అంకెలు తప్ప ఏమీ గుర్తుకు రావట్లేదురా."

వెనక బండ్లు హారన్లు మోగించాయి. దారి ఇవ్వక తప్పలేదు. కారు ముందుకు వెళ్లి, మలుపు దగ్గర పక్కకు ఒదిగి ఆగింది. బావమరిది లోపలినుంచి వంగి ఎడమ తలుపు తెరిచి పట్టుకున్నాడు. ముద్రగారు దానిదాకా వచ్చారు. ఫైలును ఒక చంకలోంచి మరో చంకకు మార్చుకుని, తెరిచిన తలుపును చుట్టి, నడుస్తూ వెళ్లిపోయారు.