గైర్హాజరు

సమావేశం జరగకముందే తీర్మానం రాసిపెట్టడం మా సంఘంలో అలవాటు. కూలీనాలీ చేసుకునే ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులిచ్చే సంఘం అది. ఎనభైల మొదట్లో జనగామ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. తీర్మానాల పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కి, కమిటీ సభ్యుల ఇళ్లకే వెళ్లి వేలిముద్రలు తెచ్చేవాణ్ణి. ఏం రాశావని ఎవరూ అడిగేవారు కాదు. కార్యదర్శి మీద అంత నమ్మకం. నాకూ అంతే. మమ్మల్ని అడగకుండా మా గురించి నిర్ణయాలేమిటని అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో రోడ్డెక్కి లాఠీదెబ్బలు తిన్న మనిషి ఆయన. సంఘం సొమ్ముతో చాయ్ కూడా తాగడు.

ఆ రోజు నర్మెట్టలో మా అధ్యక్షురాలు పొలంలో కలుపు తీస్తోంది. గట్టెక్కి, చేతులు కడుక్కుని, బొటనవేలు చాపబోయి ఆగింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఎప్పటిదే అవ్వా."

"అయినా జర చదువు."

నాకు చిరాకేసింది. తిరుగు బస్సు పోతుందని గబగబా చదివాను. ఇకమీదట అప్పు ఎవరికివ్వాలో కార్యదర్శి ఒక్కరే నిర్ణయిస్తారు, కమిటీని అడగనక్కర్లేదు.

"మరి నేనెందుకు? కలుపుకు పోతే కూలి పైసలన్న వస్తయి," అంది. "మంచోడే, కాదంటలేను. నాలుగొద్దులకు మీటింగు ఉన్నది గద, వచ్చి ఆయన మొఖం మీదనే అడుగుత."

వేలిముద్ర వేయలేదు.

బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను. ఆమె మీద కోపమో, నా మీద కోపమో తెలియలేదు. విషయం చెప్తే కార్యదర్శి కోప్పడలేదు, నవ్వాడు.

"నువ్వెందుకు చదివినవ్ తమ్మీ?"

అంత మంచి మనిషి నోట ఆ మాట వస్తుందనుకోలేదు. ఇప్పటికీ నన్ను తొలుస్తూనే ఉంటుంది.

"ఆమె మీటింగుకు రాలేదని రాయి. ఉపాధ్యక్షురాలి వేలు పెట్టియ్యి. అందరినడుగుకుంట కూసుంటే అప్పు అక్కెరున్న యాళ్ల దాటిపోతది."

కాదనే దమ్ము లేక రాశాను.

సమావేశం రోజు పొద్దున నేను తాళం తీసేసరికి ఆమె ఆఫీసు అరుగు మీద ఉంది. కూలి పోగొట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందొచ్చింది.

"ఇయ్యాల గట్టిగనే అడుగుత. నేనన్నది అన్నట్టు రాయాలె బిడ్డా."

చాప పరిచి కూర్చోమన్నాను. నా సంచిలోని పుస్తకంలో, ఆ రోజు తారీఖు కింద, ఆమె రాలేదని అప్పటికే నా చేతిరాతలో ఉంది.