కారవాన్ కప్పు మీద కాయలు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు, పావగడ పక్కన సోలార్ పార్కు కొత్తగా లేస్తున్న రోజులు. ఊళ్లో అద్దెకు ఒక్క గది దొరికేది కాదు. నాకంటే ముందొచ్చిన కుర్రకారు గదులు, వరండాలు, చివరికి మిద్దెల మీది రేకుల షెడ్లు కూడా పట్టేసుకున్నారు. కృష్ణా జిల్లా నుంచి డిప్లొమా పట్టుకుని ఆలస్యంగా చేరిన నాకు మా మామయ్య ఒక ఇల్లు పంపించాడు. పంపించాడు అంటే నిజంగానే పంపించాడు, చక్రాల మీద. హైదరాబాదులో సినిమా షూటింగులకు కారవాన్లు అద్దెకిచ్చే వ్యాపారం మూసేస్తూ, ఎవరూ కొనని ముసలి బండిని నా మీదికి తోలాడు. ("మంచముంది, బాత్రూముంది, హీరోయిన్లు కూర్చున్న కుర్చీ ఉంది, ఇంకేం కావాలిరా నీకు?" అన్నాడు. చెప్పనిదల్లా కరెంటు సంగతి.)

మంగళవాడ దాటాక ప్యానెళ్ల వరసలు మొదలయ్యేచోట, కంచె పక్కన దాన్ని నిలిపాం. పగలంతా ఆ వరసల మధ్య తిరిగి తనిఖీ చేయడం నా పని. కనుచూపు మేర ప్యానెళ్లే తప్ప పలకరించే మనిషి ఉండేవాడు కాదు. నాతో పనిచేసేవాళ్లు సాయంత్రం కాగానే జీపెక్కి పావగడ వెళ్లిపోయేవారు. నేను అన్నం వండుకుని, ఒకప్పుడు తారలు మేకప్ వేసుకున్న అద్దం ముందు కూర్చుని తినేవాణ్ణి. ఆ అద్దం చుట్టూ వరసగా బల్బులు. అవన్నీ వెలిగించుకుంటే ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని తింటున్నట్టుండేది. "పప్పులో ఉప్పెక్కువైందా?" అని అడిగేవాణ్ణి. అతనూ సరిగ్గా అదే అడిగేవాడు. నవ్వితే నవ్వండి గానీ, ఆ రోజుల్లో నాకున్న తోడు అతనొక్కడే.

ఒక సాయంత్రం ఆ బల్బులు మినుకు మినుకుమని ఆరిపోయాయి. మామయ్యకు ఫోన్ చేస్తే "ముందు ఏ బ్యాటరీ పోయిందో చెప్పు" అన్నాడు. బండికి రెండు బ్యాటరీలుంటాయని నాకప్పుడే తెలిసింది. ఇంజను తిప్పడానికొకటి, ఇంటి వాడకానికొకటి. వేరుపడ్డ అన్నదమ్ముల్లాగా ఒకే కప్పు కింద ఉంటూ ఒకరికొకరు ఏమీ ఇచ్చుకోరు. ఇంటి బ్యాటరీని నింపేది బండి పైనున్న సోలార్ ప్యానెలు. "పైకెక్కి చూడనా?" అన్నాను. "ఎక్కావంటే కప్పు కూలుతుంది, నీ బరువుకి ఆగదు" అన్నాడు. (అప్పట్లో కాస్త లావుగానే ఉండేవాణ్ణి.) దాంతో కిందనుంచే వైద్యం మొదలుపెట్టాను. ఫ్యూజులు మార్చాను, వైర్లు విప్పి మళ్లీ బిగించాను. రోజూ డ్యూటీ దిగొచ్చి, నోట్లో టార్చి కరుచుకుని, ప్యానెలు నుంచి దిగే వైరుకు మీటరు పెట్టేవాణ్ణి. సున్నా చూపించేది. పొద్దు గూకాక సోలార్ ప్యానెలు సున్నా కాక మరేం చూపిస్తుందన్న ఆలోచన, ఎండతో కరెంటు తీసే పార్కులో జీతం తీసుకుంటున్న నాకు రాలేదు!

చీకట్లో తింటుంటే ముద్ద దిగేది కాదు. అద్దంలో మనిషి కూడా లేడు. ఏడుపొచ్చేది, ఏడ్చాను కూడా. ఆదివారానికి దీపం వెలగకపోతే ఉద్యోగం వదిలేసి ఇంటికి పోదామని పెట్టె సర్దేసుకున్నాను.

ఆదివారం సెలవు. మొదటిసారి పట్టపగలు మీటరు పట్టుకుని కూర్చున్నాను. అంకె కదలడానికే మూలుగుతోంది. ఇంతలో నెత్తిమీద అడుగుల చప్పుడు, వెంటనే గలగలమని ఏదో దొర్లిన శబ్దం. దొంగే అనుకుని స్క్రూడ్రైవరు పట్టుకుని బయటికి ఉరికాను. బండి కప్పు మీద, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, బక్కపలచటి అవ్వ ఒకామె నిలబడి ఉంది.

"ఎవరది?"

"నేనేప్పా. కాయలు తిప్పుతా ఉండా."

"ఏం కాయలు?"

"ఏం కాయలంటాడే! చెనక్కాయలు. కింద ఎండబోస్తే గొర్లు బతకనిస్తాయా? నీ బండి పైన ఈ అద్దం ఉండాదే, బలే కాగుతాదప్పా. దినామూ నువ్వు పనికి పోతానే వచ్చి తిప్పి పోతా ఉండా."

"అవ్వా, ఆ అద్దానికి ఎండ తగిలితేనే నాకు దీపం వెలిగేది. నీ కాయల కింద పడి నేను చీకట్లో చస్తున్నాను!"

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నువ్వు కరెంటప్పవు గదా! ఈడి కరెంటంతా నీ చేతిలోనే ఉండాదనుకుంటిమే." తర్వాత గొంతు తగ్గించి, "మా చేన్లో అద్దాలు పరిచినారు, కళ్లం కూడా వాటి కిందికే పోయినాది. ఇన్ని అద్దాల్లో ఇది ఒగటి ఖాళీగా ఉండాదని పోసుకుంటిని" అంది.

నాకిక కోపం ఎక్కడ మిగులుతుంది? కాయలు గోతాలకెత్తి దించుకున్నాం. అవ్వ మెట్టు మీద కూర్చుని, కాయలు వొలిచి నా చేతిలో పోస్తూ, మీ యమ్మ ఎట్లుండాది, ఏం వొండుకుంటావు, ఇంత లావుండావు ఏం తింటావు, అన్నీ అడిగింది. జవాబులు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఒకరితో ఇలా మాట్లాడి చాలా రోజులైంది మరి.

సర్దిన పెట్టె విప్పేశాను. మర్నాటి సాయంత్రం బల్బులన్నీ వెలిగాయి, అద్దంలో మనిషి తిరిగొచ్చాడు. కానీ ఇప్పుడు అతనితో మాట్లాడబుద్ధి కాలేదు. మళ్లీ ఆదివారం పొద్దున్నుంచీ కప్పు వైపే చెవులు పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడే లేదు. ఉండబట్టలేక అవ్వ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

"కాయలింకా ఉన్నాయా అవ్వా?"

"ఒగ మూట ఉండాదప్పా. ఏం?"

"వచ్చి పోసుకో. సగం అద్దం నీకు, సగం నాకు."

"మరి నీకు దీపం?"

"సగం వెలుగుతుందిలే."

(సగం ప్యానెలు కప్పేస్తే సగం కరెంటు రాదు, దాదాపు మొత్తం పోతుంది. అది నేను చదువుకున్న చదువే. అవ్వకు చెప్పలేదు.)

ఇప్పుడు బెంగళూరులో మా మేడ మీద నా సొంత ప్యానెళ్లున్నాయి. గదిగదికీ దీపాలు వెలుగుతాయి. చీకట్లో కూర్చోవడానికి పెట్టె విప్పుకున్న ఆ లావుపాటి కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. అయినా ఆదివారాలు మేడ మీద ఏదైనా చప్పుడైతే గబగబా మెట్లెక్కుతాను. పావురాలు.