చాటలో పట్టని బిడ్డ

మా బావగారికి, అంటే మా ఆయన అన్నకు, మా ఇంట్లో ఏటా తద్దినం పెట్టేవాళ్ళం. నేను ఆయన్ని చూసి ఎరగను. కుర్రతనంలో రంగూను వెళ్ళి బియ్యం మిల్లులో పనికి కుదిరాడట. జపాను వాడి బాంబులకు జనమంతా అడవుల వెంట నడిచి వచ్చిన రోజుల్లో, బాపట్ల మనిషి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మీవాడు దారిలోనే పోయాడని చెప్పాడట. మా అత్తగారు నమ్మలేదు. పన్నెండేళ్ళు చూసింది. ఆ తరవాత పెద్దల మాట కాదనలేక, దర్భలతో మనిషి బొమ్మ చేయించి, మా ఆయన చేత దహనం చేయించి, కర్మ జరిపించింది.

ఆ మనిషే, అరవైల్లో ఒక పొద్దున తెనాలి నుంచి వచ్చే రైల్లో రేపల్లెలో దిగి, చేతిలో రేకు పెట్టెతో మా వాకిట్లో నిలబడ్డాడు.

అత్తగారికి అప్పటికే చూపు మందం. అతని చెవి వెనక తడిమింది. చిన్ననాటి కొడవలి మచ్చ చేతికి తగిలింది. "వచ్చావా నాయనా," అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగబోయింది. పక్కింటి పిన్నమ్మ గడపకు అడ్డం వచ్చి నిలబడింది.

"ఆగక్కా! కర్మ చేసేసిన మనిషి గడప తొక్కొచ్చా? ఇంటికి అరిష్టం కాదూ!"

బావగారే రెండడుగులు వెనక్కి వేశాడు.

"పర్లేదమ్మా, గొడ్లచావిడి ఉందిగా. ఇలాంటి కప్పు దొరికితే అడవిలో మాకు పండగే," అన్నాడు. తరవాత మా ఆయన వైపు తిరిగి, "ఏటేటా నాకు గారెలు పెట్టారటగా తమ్ముడూ? ఒక్కసారీ అందలేదురా," అన్నాడు. మా ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు.

అత్తగారు తన మంచం కూడా గొడ్లచావిట్లోనే వేయించుకుంది. "వాడు లోపలికి వచ్చేదాకా నేనూ రాను. నా పెద్దకొడుకు చచ్చినవాడైతే రేపు నాకు కొరివి పెట్టేదెవరే?" అని నా మీద కేకలేసింది, అదేదో నేను చేసినట్టు.

ఆయన సంగతులు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. అడవి దారిలో గుంపు నుంచి తప్పిపోయి వెనక్కి మిల్లుకే చేరాడట, తోటివాళ్ళు పోయాడనుకున్నారు. తెల్లవాడు పోయాక బర్మాలో వాళ్ళల్లో వాళ్ళకే యుద్ధం పుట్టింది. మిల్లు మూతబడితే తిండి కోసం అక్కడి పటాలంలో చేరాడు. కొండల్లో, తెరిపి లేని వానల్లో ఏళ్ళ తరబడి తుపాకీ మోశాడు. చివరికి బయటివాళ్ళంతా పోవాలన్నప్పుడు ఆయన్నీ ఓడ ఎక్కించారు. ఎవరి కోసం పోట్లాడాడో వాళ్ళు పరాయివాడన్నారు. ఇక్కడికొస్తే మేము చచ్చినవాడన్నాం.

మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఒకటి గమనించాను. ఆయన నడుము వాల్చడు. మధ్యాహ్నం కునుకైనా రాటకు వీపు ఆనించి కూర్చునే తీస్తాడు. మంచం వెయ్యమంటారా అని అడిగితే, "వద్దమ్మా. అక్కడ పడుకున్నవాళ్ళు లేవలేదు," అన్నాడు.

పురోహితుణ్ణి పిలిపించాం. దారి ఉంది, మళ్ళీ పుట్టాలి అన్నాడాయన. నెయ్యి నింపిన గంగాళంలో, కడుపులో బిడ్డలా పిడికిళ్ళు బిగించి మాటాపలుకూ లేకుండా కూర్చోవాలి. ఆపైన పురుడు, బారసాల.

"గంగాళం నిండా నెయ్యేంటండి? ఊళ్ళో గేదెలన్నీ మావేనా?" అన్నాను. "గిద్దెడు నెయ్యి, మిగతా నీళ్ళు. పుట్టే బిడ్డకు తేడా తెలుస్తుందా?"

"నాకు తెలియదులెండి," అన్నాడు బావగారు చావిట్లోంచి. పురోహితుడు నవ్వి సరేనన్నాడు.

వాకిట్లో పెళ్ళిళ్ళ గంగాళం పెట్టాం. ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనించి అందులో కూర్చుని, పిడికిళ్ళు మూసి కళ్ళు మూసుకున్నాడు. వీపు మీద గుండు దూసుకుపోయిన మచ్చ నీళ్ళ పైకి కనబడింది. అత్తగారు వంగి, రెండు చేతులా ఆ నెరిసిన తల పట్టుకుని, "రా నాయనా," అని పైకి తీసింది. మొదటిసారి కన్నప్పుడూ అంతే కష్టపడిందేమో, ఒళ్ళంతా వణికింది. కొంగుతో తుడిచింది. నాలిక మీద తేనె రాసింది. చెయ్యి పట్టుకుని గడప దాటించింది. పిన్నమ్మ పక్కకు తప్పుకుంది.

"చాట తేవే," అంది అత్తగారు నాతో. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టడం మా ఆచారం. కళ్ళంలో వడ్లు చెరిగే పెద్ద చాట తెచ్చాను.

"ఎంత బిడ్డ పుట్టాడే తల్లీ! కాళ్ళు వీధిలో ఉంటాయేమో!" అంది పిన్నమ్మ. అందరూ ఘొల్లుమన్నారు. బావగారూ నవ్వాడు.

చాటలో అత్తగారి పాత చీర పరిచి నడవలో పెట్టాను. ఆయన దాని మీద తల పెట్టి, నేల మీద కాళ్ళు బారజాపుకున్నాడు. మనిషి పడుకున్నాడు!

"కొత్త పేరు పెట్టుకోవచ్చమ్మా," అన్నాడు పురోహితుడు.

"నా బిడ్డకు పేరు లేకనా?" అని అత్తగారు చెవిలో పాత పేరే చెప్పింది. ఆయన నిద్రపోతున్నాడు.

పురోహితుడు మంత్రం గొంతు తగ్గించాడు. మా ఆయన చప్పుడు చెయ్యకుండా వెళ్ళి దూడ మెడలో గంట విప్పేశాడు. విస్తళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఒక్కరూ ఆకలన్లేదు. గడపకు అడ్డం నిలబడిన పిన్నమ్మే ఆయన తల దగ్గర కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. యుద్ధాన్ని నేను చూడలేదు గానీ, అది ఎంత పెద్దదో ఆ నిద్ర చూసి తెలిసింది.

దింపిన కూర మళ్ళీ పొయ్యెక్కించి పుల్లలు దండగ చేసే అలవాటు నాకు లేదు. పిన్నమ్మ నన్ను చూసి, "కూర చల్లారింది, కాస్త వెచ్చబెట్టవే. బిడ్డ లేస్తే ఆకలంటాడు," అంది.

వెళ్ళి పొయ్యి రాజేశాను. ఆయన పొద్దు వాలేదాకా లేవలేదు. పొయ్యి ఆర్పనివ్వలేదు నేను.