ముప్పై ఆంపియర్ల బోర్డు

"బండి నిలబడిపోతే బోర్డు మీద ఏలు పెట్టి చూడు," అన్నాడు మా ఆయన.

"కాలకుంటే?"

"కాలకుంటే తప్పు దాంది గాదు. పో, ఎండెక్కుతాండాది."

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. అందుకే మొదట వీటినే రాయమన్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఆయన తమ్ముడు, మా మరిది, రాస్తున్నాడు.

మాది ఉరవకొండ అవతల, చేలోనే ఇల్లు. మా ఆయన బోరు మోటర్లకు వైండింగు కట్టేవాడు. కాలిపోయిన మోటరు వస్తే లోపలి రాగితీగ పెరికేది నేను, కొత్తది చుట్టేది ఆయన. ఏళ్ళ తరబడి ఒకే చాప మీద కూర్చున్నాం. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఆయనకు కుడి పక్కంతా పడిపోయింది. మంచం మీది నుంచి చూస్తే పై మడి ఒక్కటే కనబడుతుంది. గట్టు అవతలి కింది మడిలో శెనక్కాయ పైరు ఎట్లా ఉందో నేను చెబితేనే తెలియాలి. ఆ మడి తానే తిరిగి చూడాలని ఆయన పట్టు. దానికోసమే ఈ బండి.

పాత ఇనుము అంగట్లో దొరికిన, కారు అద్దం తుడిచే వైపరు మోటర్లు రెండు, పిల్లల సైకిలు చక్రాలు, మందు కొట్టే డబ్బాలోని బ్యాటరీ. ముందర ఒక కర్ర, కర్రకు ఒక ఫోను. ఆ ఫోను చూసేదంతా మంచం మీది ఫోనులో కనబడుతుంది. తోలేది ఎడమ చేతి బొటనవేలితో, రిమోటు పెట్టుకొని. ఆయన చెప్పేవాడు, నేను బిగించేదాన్ని.

మరిది నవ్వేవాడు. "ఏమన్నా, ఒదిన ఫోను చేత పట్టుకొని చేనంతా తిరిగితే సరిపాయె గదా! ఇంత యవ్వారమా?"

"అది ఆమె నడిచినట్లురా. నేను నడిచినట్లు యాడైతాది?" అన్నాడు ఆయన.

బ్యాటరీకీ మోటరుకూ నడుమ ఒక బోర్డు ఉండాలి. మోటరు డ్రైవరు అంటారు దాన్ని. రిమోటు నుంచి వచ్చే ఆజ్ఞ చీమంత, మోటరుకు కావలసిన కరెంటు ఎద్దంత. చీమ మాట విని ఎద్దును ముందుకూ వెనక్కూ నడిపించేది ఆ బోర్డే. చక్రాలు గాల్లోకి ఎత్తి కొలిస్తే ఒక్కో మోటరు రెండు ఆంపియర్ల కరెంటు లాగింది. ఐదు మోసే బోర్డు తెప్పించాడు. చదును నేల మీద బండి పరుగెత్తింది. గట్టు కాడ చక్రాలు మట్టిలో దిగబడి నిలబడ్డాయి, బోర్డులోంచి పొగ లేచింది. మళ్ళీ అట్లాంటిదే తెప్పించాడు, అదీ ఆ గట్టు కాడే పోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు రిమోటు ముట్టలేదు.

మాడు వాసన ముక్కుకు తగిలితే నేను ఊరుకోలేను, నా బతుకంతా ఆ వాసనలోనే గడిచింది. గంజి తాగిస్తూ అడిగాను. "బోరులో ఇసుక పట్టి ఇరుక్కుంటేనే గదా మోటరు కాలి మన కాడికొచ్చేది? నీళ్ళు పోసేటప్పుడు కాలిందా ఎప్పుడన్నా? నువ్వు చక్రం తిరిగేటప్పుడు కొలిస్తివి. ఇరుక్కున్నప్పుడు కొలిచినావా?"

ఆయన ఇటు తిరిగాడు. సగం నోటితో నవ్వాడు. "ఇన్నేండ్లు మోటర్లు చుట్టినోన్ని, ఇది బొమ్మే గదా అనుకుంటి. మీటరు తేపో."

చక్రాన్ని రెండు మోకాళ్ళ నడుమ బిగించి పట్టాను. "చిటికె సేపే, ఎక్కువసేపు పడితే మోటరే మాడుతాది," అని ఆయన మీటరు చూశాడు. రెండు దగ్గర ఉండేది ఒక్కసారిగా పదహారుకు ఎగిరింది. చంకలో పట్టే మోటరు, కదలనీయకపోతే అంత అడుగుతుందా!

"పదహారుకు పదహారే కొంటే ఈ ఎండల్లో తట్టుకోదు," అని ముప్పై ఆంపియర్లు మోసే బోర్డులు రెండు తెప్పించాడు, మోటరుకు ఒకటి.

వచ్చినాక అరచేతిలో పెట్టుకొని చూశాను. బోరు స్టార్టరులో అయితే ఇనుప ముక్కలు టప్పుమని కొట్టుకుంటాయి. దీంట్లో కదిలేదంటూ ఏదీ లేదు, చప్పుడే లేదు. శెనక్కాయ గింజంత నల్ల ముక్కలు, వేడి లాగేసే అల్యూమినియం రెక్కలు. ఇంత దాంట్లో అంత బలం ఎక్కడ దాక్కుందో నాకు ఇప్పటికీ తెలియదు.

బోర్డులు బిగించినాక, ఆయన వేలు పెట్టి చూడమన్న ఆ పొద్దు, ఆయన దగ్గర మరిదిని కూర్చోబెట్టి నేను బండి వెంబడి నడిచాను. పడిపోతే లేపడానికి. వాన పడితే మా వైపు నేలలో వజ్రాలు పైకి తేలుతాయంటారు. వాన పడి ఉండటంతో పక్క బీడులో వజ్రాలు వెతికేవాళ్ళు వంగి తిరుగుతున్నారు. ఒకాయన కేక వేశాడు. "ఏమక్కా, వజ్రాలు కనుక్కునే మిషనా? మాకూ ఒకటి చెప్పు!"

"లేదప్పా, నా మొగుడు చేను చూసుకుంటాండాడు," అన్నాను. పాపం, ఆ వజ్రాలాయన నా చుట్టూ మగమనిషి కోసం వెతికాడు.

గట్టు కాడ చక్రాలు దిగబడ్డాయి. మోటర్లు మూలిగాయి. నేను పొగ కోసం చూశాను. పొగ లేదు. బండి రెండు జానలు వెనక్కు వచ్చింది, ఎడమకు తిరిగి ఏటవాలుగా ఎక్కసాగింది. నేను నిలబడిపోయాను. మా ఆయన ఎప్పుడూ ఆ గట్టును నిటారుగా ఎక్కలేదు. ఎడమ పక్కనుంచి అట్లాగే ఏటవాలుగా ఎక్కేవాడు. ముందర పోతున్నది బండి కాదు, ఆయన నడకే అనిపించింది.

కింది మడిలో సాళ్ళ నడుమ కొంత దూరం పోయి ఆగింది. నేనూ ఆగాను. చానాసేపు కదల్లేదు. మాట ప్రకారం బోర్డు మీద వేలు పెట్టాను. ఒకటి, రెండోది. చల్లగా ఉన్నాయి.

"కాల్లేదు!" అని ఫోనులోకి అరిచాను సంతోషంతో.

అంతలో మరిది పెట్టిన ఒక్క కేకే రెండుసార్లు వినిపించింది. ఒకటి ఫోనులోంచి, ఒకటి ఇంటి వైపు నుంచి.

ఆయన పోయేముందు కింది మడి చూశాడా లేదా అన్నదే ఇన్నాళ్ళూ నా గుండెలో మెదులుతోంది. ఇక్కడిదాకా రాసి మరిది ఇప్పుడే కలం ఆపాడు.

"చూసినాడొదినా. 'పూత పట్టిండాదిరా' అని నాతో మెల్లగా అన్నాడు. పూత కాడ బండిని ఆడనే ఆపుకున్నాడు."

"ఇన్ని దినాలు ఏంటికి చెప్పలేదప్పా?"

"నువ్వు బండి మాటే ఎత్తనియ్యకపోతివి గదొదినా."

రాసినావా ఆ మాట? ఆయన అన్నది అన్నట్టే రాయి. రాసి, మొదటి నుంచి నిదానంగా చదువప్పా, వింటాను.