రేవు వచ్చిందంటే పొయ్యి

మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఓడలో ప్రపంచం చుట్టి వచ్చారని చెప్పుకునే ముసలివాళ్లు సూర్యాపేటలో ఇప్పటికీ ఒకరిద్దరు ఉన్నారు. ఆయన భార్య, నేను అక్కయ్య అని పిలిచే నా తోడికోడలు, అదే ఓడలో అంతే దూరం తిరిగి వచ్చిందని చెప్పేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అందుకే నేను రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నేళ్లు ఆగాను. అది తగ్గేలా లేదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏటి సంగతి. మా చుట్టుపక్కల పల్లెలు ఇంకా కుదుటపడలేదు. తిరుమలగిరి వైపు బండి కట్టమంటే బండివాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. రోడ్డు మీద మిలిటరీ వాళ్లు ప్రతి మూటా విప్పి చూసేవాళ్లు. అలాంటి రోజుల్లో మా బావగారికి లోకం చూడాలని బుద్ధి పుట్టింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆయన పేరున్న వకీలు, కాదనేవాళ్లెవరు? బొంబాయిలో ఎక్కితే దేశాలన్నీ తిప్పి మళ్లీ బొంబాయిలోనే దింపే ఓడ ఉందట. రేవు రేవుకీ ఆగుతుందట. దిగి, ఊరు చూసి, సాయంత్రానికి ఎక్కవచ్చట.

ఆయన ఒక్కరే పోతారనుకున్నాం. "నువ్వు గూడ రావాలె," అన్నారు అక్కయ్యతో. పెళ్లయ్యాక పుట్టిల్లు చిలుకూరు తప్ప మరో ఊరు ఎరగని మనిషి ఆమె. ఆ పూట వంటింట్లో ఆమె నవ్వు ఆగలేదు.

"సముద్రం నిజంగ ఉప్పగుంటదో లేదో నోట్ల పోసుకొని చూసొచ్చి నీకు చెప్త," అంది నాతో. దేశం కాని దేశంలో దిగేటప్పుడు కట్టుకోవాలని ఆకుపచ్చ గద్వాల చీర పెట్టె అడుగున పెట్టుకుంది. నేనే మడత పెట్టి ఇచ్చాను. బావగారు ఎంత మంచివారని కూడా అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పెట్టెలు సర్దుతుంటే అసలు సంగతి బయటపడింది. చీరల పెట్టె ఒకటే, మిగిలినవన్నీ వంట సామాను. బియ్యం, కందిపప్పు, చింతపండు, పొడులు, ఆవకాయ జాడీ, అటుకుల డబ్బా, కిరసనాయిలు పొయ్యి. బావగారు అక్కయ్య మడి కట్టుకుని వండితే తప్ప ముట్టరు. సముద్రం దాటకూడదన్న శాస్త్రం ఆయనకు అడ్డం రాలేదు. పరాయి చేతి చారు తాగకూడదన్నది మాత్రం అడ్డం వచ్చింది. ఆయనకు కావలసిన శాస్త్రం ఒకటి, అక్కరలేని శాస్త్రం ఒకటి.

నెలలు గడిచాక తిరిగి వచ్చారు. బావగారు నల్లబడి, ఒళ్లు చేసి వచ్చారు. అక్కయ్య చిక్కిపోయి వచ్చింది. మర్నాడు పెరట్లో గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"అక్కా, ఏడెన్ రేవు ఎట్లుంటది?"

"ఏడెనా? ఆడ పులిహోర పులుసు పొంగి పొయ్యి ఆరిపోయింది," అంది.

"గది గాదు, ఊరు ఎట్లుంటదని."

ఆమె బూడిద చేతులు కడుక్కుని మెల్లగా చెప్పింది. ఓడ గదిలో పొయ్యి వెలిగించనివ్వలేదట. బావగారు వాదించగా వాదించగా ఓడవాళ్ల వంటశాలలో ఒక మూల ఇచ్చారట. అదీ వాళ్ల పని లేనప్పుడే. వాళ్ల పని లేనిదెప్పుడు? ఓడ రేవులో ఆగి, ప్రయాణికులంతా ఊరు చూడబోయినప్పుడు. అంటే రేవు వచ్చిందంటే బావగారు మెట్లు దిగేవారు, అక్కయ్య పొయ్యి వెలిగించేది. మళ్లీ రేవు వచ్చేదాకా నిలవుండేలా పులిహోర, రొట్టెలు, వేపుళ్లు, పొడులు చేసేదట. అవి అయిపోవస్తే ఉన్నది ఆయనకు పెట్టి, ఈమె అటుకులు నీళ్లలో నానేసుకుని తినేదట.

"కిటికీ గూడ లేకుండెనా?"

"గుండ్రటిది ఒకటుండె. దాంట్ల గోడ కనవడ్తుండె. అన్ని ఊర్లల్ల గదే గోడ."

నాకు ఒళ్లు మండిపోయింది. "దిగుతనని ఒక్కసారన్న అడగలేదా?" అన్నాను.

అడిగిందట, ఇటలీ దేశపు రేవు నేపుల్స్‌లో. చీర కూడా బయటికి తీసిందట. "దిగితే మైల పడ్తవు. మళ్ల తానం జేసి, మడి కట్టుకొని ఎప్పుడు వండుతవు? పొద్దుగూకంగనే ఓడ కదుల్తది," అన్నారట ఆయన. ఆయన రోజంతా ఆ ఊళ్లో తిరిగి వచ్చి నాలుగు చెంబుల నీళ్లు పోసుకుంటే ఆ మైల పోయింది. ఆమె కాలు పెడితే మాత్రం పోదు. మా బావగారు కోర్టులో కూడా ఇలాగే వాదించేవారేమో, అక్కడ అవతల ఇంకో వకీలైనా ఉంటాడు.

అంతటితో అయిందా? పురోహితుడు వచ్చి సముద్రయానం చేసినందుకు ప్రాయశ్చిత్తం చేయాలన్నాడు. దంపతులిద్దరూ పీటల మీద కూర్చోవాలన్నాడు. పంచగవ్యం చేతిలో పోయబోతుంటే అక్కయ్య అడిగింది.

"నేను ఏడ గూడ దిగలేదు గద పంతులూ. నాకెందుకు?"

"దాటుడు దాటుడేనమ్మా," అన్నాడాయన.

తాగింది. చూడని ఊళ్లకు, తొక్కని నేలకు, చేయని పాపానికి ఆవు పేడ నీళ్లు తాగింది. బావగారు పక్కనే కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆ రోజు నేను ప్రసాదం తీసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. లోకం చూసొచ్చిన మనిషి చెబుతాడంటే జనం రాకుండా ఉంటారా? మొదట సూర్యాపేటలో మా ఇంట్లోనే. ముందు గదిలో ఆయన పిరమిడ్లు, ఒంటెలు అంటుంటే, వెనక గదిలో అక్కయ్య వచ్చినవాళ్లందరికీ ఉప్మా తిప్పుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి ఒక చెవి అటు, ఒక చెవి ఇటు పెట్టాను.

తర్వాత కోదాడ. ఎవరి మోటారు కారులోనో తీసుకుపోయారు. వంటకు అక్కయ్య, సాయానికి నేను. ఉపన్యాసం పెట్టిన ఇంటావిడ మంచి మనిషి. "వంటదేముందమ్మా, ఎప్పుడూ ఉండేదే. మీరు కూడా వచ్చి కూర్చోండి, ఆయన చెప్పేది విందాం," అంది. అక్కయ్య కొంగు సర్దుకుని లేచింది కూడా. అంతలో ముందు గది నుంచి బావగారి గొంతు: "పొయ్యి వెలిగించినవా?" అక్కయ్య మళ్లీ కూర్చుంది. వెలిగించింది. ఆ పొగకు నా కళ్లలో నీళ్లు వచ్చాయని ఇంటావిడతో చెప్పాను, కానీ అది పొగ కాదు.

కోదాడ నుంచి మిర్యాలగూడ పోతుంటే అక్కయ్య ఒళ్లో గిన్నెల మూట పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో బావగారు కునుకు తీస్తున్నారు. హుజూర్‌నగర్ దాటాక నా చెవి దగ్గరికి వంగి అంది.

"చూడకపోతే చూడకపోతి. ఆయన చెప్తుంటే కూసొని ఇనాల్నని ఉందే. గంతే."

గంతే! అంత దూరం తిరిగివచ్చిన మనిషి, తాను ఆగిన ఊరెలా ఉంటుందో ఎవరో చెబితే వినాలని కోరుకుంటోంది. అది కూడా చెవిలో, గుసగుసగా, ఆయన లేస్తారేమోనని. నాకు ఆ మోటారు తలుపు తీసి ఆయన్ని కిందికి తోసేయాలనిపించింది. ఉన్న మాటే రాస్తున్నాను.

మిర్యాలగూడలో ఆయన స్నేహితుడింట్లో పెద్ద వరండా. మగవాళ్లు జంపఖానాల మీద, ఆడవాళ్లు తలుపు వెనక. మమ్మల్ని ఎప్పటిలాగే పెరటి వంటింటికి పంపారు. నేను పుల్లలు పేర్చాను. అక్కయ్య అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది, మళ్లీ గూట్లో పెట్టేసింది. వెంట తెచ్చుకున్న చీరల పెట్టె తెరిచింది. ఆ ఆకుపచ్చ గద్వాల చీర నేను వేసిన మడతలోనే ఉంది, నేపుల్స్‌లో ఒక్కసారి విప్పి మళ్లీ అలాగే మడిచిందట. కట్టుకుంది. నేను కుచ్చిళ్లు సర్దాను.

వరండాలో బావగారు ఒంటె ఎక్కిన కథలో ఉన్నారు. అక్కయ్య తలుపు వెనక ఆగలేదు. ఆడవాళ్లను దాటుకుని పోయి, మగవాళ్ల ముందు, ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. బావగారి మాట ఒంటె మీదే ఆగిపోయింది.

"వంటయిందా?" అన్నారు.

"కాలే."

"మరి గీడికెందుకొచ్చినవ్?"

"రేవొచ్చింది గద," అంది అక్కయ్య. "ఇయాల నేను గూడ దిగిన. చెప్పుండ్రి, ఆ ఒంటె ఎట్లుండె?"

తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. చెప్పక తప్పలేదు. ఒంటె ఎలా ఉందో, ఏడెన్‌లో బజారు ఎలా ఉందో, నేపుల్స్‌లో అగ్నిపర్వతం ఎలా ఉందో అంతా చెప్పారు. అక్కయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

జనం వెళ్లిపోయాక ఆయన వంటింటి గడపలోకి వచ్చి పొయ్యి వైపు చూశారు. పుల్లలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

"అటుకులున్నయి. నీళ్లు పోసుకొని తినుండ్రి," అంది అక్కయ్య. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "పద, మిర్యాలగూడ చూసొద్దాం."