ఫర్‌బేర్ అంటే మా నాన్నమ్మ

నా చిన్నప్పుడు గవర్నర్‌పేటలో మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. ఇంగ్లీషు ఎమ్మే చదివింది. పెళ్లయి ఏడాది తిరక్కుండానే ఒకరోజు ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చేసింది. ఎందుకొచ్చావు, ఆయన రాలేదేం, మళ్లీ ఎప్పుడు వెళ్తావు అని వీధి వీధంతా అడిగింది. ఆదివారం చర్చికి వెళ్తే అక్కడా అవే ప్రశ్నలు. చివరికి ఆమె గడప దాటడమే మానేసింది.

ఇక మా నాన్నమ్మ సంగతి చెప్పాలి. ఎవరి గుట్టయినా లాగందే ఆవిడకి అన్నం సయించదు. గన్నవరం బస్సెక్కితే దిగేలోపు పక్కసీటావిడ కోడలి సంగతులు కూడా రాబట్టేసేది. అక్క ఈవిడ కంట పడితే ఇంకేమైనా ఉందా అనుకున్నాను.

అలాంటి నాన్నమ్మ ఒకరోజు గోడ మీంచి అక్కని పిలిచి, దీనికి ఇంగ్లీషు బొత్తిగా రావట్లేదు, కాస్త చెప్పి పెట్టమ్మా అంది. నాకు ఇంగ్లీషు శుభ్రంగా వచ్చు. అయినా ఆవిడ చూసిన చూపుకి నోరెత్తలేదు. అలా అక్క రోజూ సాయంత్రం మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నాన్నమ్మ పక్కనే కూర్చుని కూరగాయలు బాగుచేసుకునేది. ఒక్క ప్రశ్నా అడిగేది కాదు.

ఒకరోజు చదువుతున్న కథలో ఒకావిడ, ఏడుస్తూ వచ్చిన స్నేహితురాలిని కారణం అడగకుండా ఊరుకుంటుంది. అక్కడ ఫర్‌బేర్ అనే క్రియ వాడారు. నిఘంటువులో మానుకొను అని ఉంది. దానికి స్టాప్ అంటే సరిపోదా అన్నాను. సరిపోదంది అక్క. ఇది పాత పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే మాటట. నోటిదాకా వచ్చినదాన్ని ఎదుటి మనిషి కోసం ఆపుకున్నప్పుడు రచయితలు దీన్ని వాడతారట. అడగాలని లేనివాళ్లకి ఈ క్రియ అసలు వర్తించదంది. నాకు అప్పటికీ ఎక్కలేదు.

"మీ నాన్నమ్మగారిని చూడు," అంది మెల్లగా.

చూశాను. నాన్నమ్మ పెదవులు బిగబట్టి, ఈనె తీసేసిన చిక్కుడుకాయకే మళ్లీ ఈనె లాగుతోంది. నాకు నవ్వు ఆగలేదు. అక్క కూడా నవ్వేసింది. పుట్టింటికి వచ్చాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

కొన్నాళ్లకి ఆమే నోరు విప్పింది. అతను కొట్టేవాడట. చెబుతూ చెబుతూ నాన్నమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

"నేనేం అడగలేదు కదే తల్లీ," అంది నాన్నమ్మ కంగారుగా.

"అందుకే మీకు చెబుతున్నాను మామ్మగారూ," అంది అక్క.

ఇప్పుడు నేనూ నాన్నమ్మనయ్యాను. కళ్లు ఉబ్బి ఎవరైనా మా ఇంటికొస్తే ముందు కంచం పెడతాను. నోరు దురద పెడుతుంది, అబద్ధమెందుకు. అయినా ఆపుకుంటాను. చాలామంది అన్నం తిన్నాక వాళ్లంతట వాళ్లే చెప్పారు. కొందరు చెప్పకుండానే వెళ్లిపోయారు. వాళ్లూ మళ్లీ మా ఇంటికే వచ్చారు.