విడిపోయే మందారం

పూలత్త చేసిన పువ్వు ఊడదు. ఆ వీధిలో ఆమె గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట అదే. చేతిసంచి చిరిగి చీలికలైపోయినా దాని మీది తోలు గులాబీ మాత్రం చెక్కుచెదరలేదని ఒకావిడ చెబుతుంది. తన కోటుకు పెట్టుకున్న పువ్వును పాప నోట్లో పెట్టుకుని పూటంతా నమిలినా ఒక్క రేకూ రాలలేదని ఇంకొకాయన ఒట్టేస్తాడు. ఆ రెండో మాట విన్నప్పుడల్లా, పాప కడుపులోకి రంగు ఎంత పోయిందోనని పూలత్తకు గుండెలో కలుక్కుమంటుంది. కానీ పువ్వు ఊడలేదన్న గర్వం దాని వెంటే వచ్చి ఆ దిగులును పక్కకు నెట్టేస్తుంది.

ఆమె పనిగది భర్త దుకాణం వెనకే ఉంది. ముందు గదిలో ఆయన చేతిసంచులు కుడతాడు, వీధికంతా సంచుల మేస్త్రి. ఆయన కత్తిరించగా మిగిలిన తోలు ముక్కలు ఒక బుట్టలో పడేవి. పెళ్ళైన కొత్తలో ఆ బుట్టను పారబోసి రమ్మంటే వీధి మలుపు దాకా వెళ్ళి, చేతులు రాక, అలాగే వెనక్కి మోసుకొచ్చింది. ఆమె పూలపని అక్కడ మొదలైంది. తర్వాత దర్జీల దగ్గర మిగిలిపోయిన పట్టు, మఖమలు పేలికలు కూడా ఆ బుట్టలోకి చేరాయి.

ఏ పువ్వు చేయాలన్నా ముందు నిజం పువ్వు ఒకటి తెచ్చుకుంటుంది. రేకులు ఒక్కొక్కటే వలిచి, అట్ట మీద పరిచి, చుట్టూ పెన్సిలుతో గీస్తుంది. ఆ అట్ట కొలతకు తోలు కోసి, తడిపి, కాస్త వేడి చేసిన ఇనపగుండుతో నడుమ నొక్కితే రేకు అరచేతిలా గుంటపడుతుంది. అంచును వేళ్ళతో నులిమితే ముడత వస్తుంది. గుడ్డ రేకుకైతే ముందు గంజి పెట్టి ఆరబెట్టాలి. లేకపోతే తడిసిన రుమాలులా వేలాడుతుంది. చివరికి రేకులన్నిటినీ దగ్గరికి లాగి, మైనం పట్టించిన దారంతో బిగించి, ఆ ముడి మీద గుడ్డ చుట్టిన బటన్ కుట్టేస్తుంది. నిజం పువ్వు నడిమి భాగం చెత్తబుట్టలోకి పోతుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు. చూడాలని తోచనే లేదు.

ఇక పిడుగు సంగతి. ఆమె పూలత్త ఆడపడుచు కూతురు, తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు. నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది. తల్లి ఉద్యోగం నుంచి వచ్చేదాకా పిడుగు మకాం ఈ పనిగదిలోనే. ఒక సాయంత్రం వస్తూనే పుస్తకాల సంచిని బల్ల మీద దభీమని పడేసింది.

"అత్తా, నన్ను పాటల క్లాసుకి పంపిస్తారంట."

"మంచిదేగా, పాడుకో."

"నేను కూనిరాగం తీస్తేనే నువ్వు తలుపేసుకుంటావు!"

జరిగింది ఇదీ. సైన్సులో పువ్వు పాఠం మొదలవుతోంది. పాఠం నిండా బొమ్మలే. "నీకెందుకమ్మా ఈ తిప్పలు, ఆ పీరియడ్‌లో హాయిగా పాటల క్లాసులో కూర్చో" అని హెడ్‌మేడం ప్రేమగానే చెప్పింది. ఆ ప్రేమే పిడుగును భయపెట్టింది. ఇవాళ పువ్వు పోతే రేపు గుండె పోతుంది, ఎల్లుండి కన్ను, చెవి అన్నీ పోతాయి. చివరికి సైన్సు పుస్తకంలో తనకు మిగిలేది పై అట్ట ఒక్కటే. బతిమాలింది, వాదించింది. ఆఖరికి హెడ్‌మేడం ఒక మెట్టు దిగింది. శుక్రవారం తన గదికొచ్చి పువ్వు భాగాలు చేత్తో పట్టుకుని చూపించి చెబితే క్లాసులోనే ఉండొచ్చు. లేకపోతే పాటలే.

"నిజం పువ్వు తడిమి చూసుకోవచ్చుగా?" అంది పూలత్త.

"చూశానత్తా. గట్టిగా పట్టుకుంటే గుజ్జయిపోతుంది, మెల్లిగా పట్టుకుంటే ఏమీ తెలీదు. నువ్వొకటి చెయ్యి. మందారం. చాటంత ఉండాలి."

"ఓస్, ఇంతేనా! పువ్వంటే నాకు తెలీనిదా?"

మర్నాటికల్లా పళ్ళెమంత మందారం తయారైంది. ఎర్రటి తోలు, మెలితిరిగిన అంచులు. సంచుల మేస్త్రి అంతటివాడు సూది పక్కన పెట్టి వచ్చి చూసి ఈల వేశాడు. పిడుగు దాన్ని ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చెప్పుల దుకాణం వాసనేస్తోంది." తర్వాత రేకు తడిమింది. "ఇది రేకా? ఏనుగు చెవిలా ఉంది."

"నువ్వు ఏనుగు చెవి ఎప్పుడు పట్టుకున్నావే?"

"మామయ్య చెవి పట్టుకున్నాగా. దాన్నే మనసులో పెద్దది చేసుకున్నా."

"నా చెవుల జోలికి రాకండి!" అని ముందు గదిలోంచి కేక వినబడింది.

పిడుగు వేళ్ళు పువ్వు నడిమికి వెళ్ళి బటన్ మీద ఆగాయి. తిప్పి చూసింది. లాగి చూసింది. పువ్వును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెండు చేతులా పెరికింది. అది పూలత్త పువ్వు, రాదు.

"దీని కింద ఏముందత్తా?"

"ముడి."

"ముడి కింద?"

"ముడి కింద ఏముంటుందే? ముడే."

"అత్తా," అంది పిడుగు నీరసంగా, "పాఠమంతా ఈ బటన్ కిందే ఉంది."

ఊరంతా మెచ్చుకున్న ముడి ఈ పిల్లకు గోడలా అడ్డం నిలబడింది.

తెల్లవారి ఆమె వీధి చివరి ఇంటికి వెళ్ళి, గోడ దాటి బయటికి వాలిన కొమ్మ నుంచి, అడిగి మరీ ఒళ్ళో పట్టినన్ని మందారాలు తెచ్చుకుంది. ఈసారి రేకులు వలిచి పక్కన పడేసి, మిగిలిన నడిమి భాగాన్ని బల్ల మీద పెట్టుకుంది. భర్త భూతద్దం తీసుకుని కిటికీ వెలుగులో కూర్చుంది.

ఎర్రటి పుల్ల. దాని ఒంటి నిండా సన్నటి కాడలు, కాడల చివర పసుప్పచ్చ పొడి. ఇది ఎప్పుడూ కనబడేదే. కానీ పుల్ల కొసన విడిగా ఐదు ఎర్రటి మఖమలు చుక్కలున్నాయి. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? తోలు పల్చన చేసే కత్తితో పుల్లను నిలువునా చీల్చింది. గట్టి పుల్ల అనుకున్నది గొట్టం! దాని లోపల, ఎక్కడా అంటుకోకుండా, ఇంకో దారం పోతోంది. గోటితో కదిపితే కదిలింది. పట్టుకుని కిందికి వెళితే అడుగున లేతాకుపచ్చ బుడిపె తగిలింది. దాన్ని అడ్డంగా కోసి భూతద్దం పెట్టి చూసింది.

"ఏమండీ! ఒక్కసారి ఇలా రండి!"

ఆయన ఉన్న పళంగా పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది, వేలు తెగిందా?"

"ఇందులో గదులున్నాయండీ."

"ఎందులో?"

"పువ్వులో. ఐదు గదులు."

ఆయన వంగి చాలాసేపు చూశాడు. "అద్దెకిస్తారేమో కనుక్కో," అని వెళ్ళిపోయాడు.

ఈ ఒక్క పువ్వుకే అలా కుదిరిందేమోనని ఇంకొకటి కోసింది, మరొకటి కోసింది. అన్నిట్లోనూ ఐదే. ప్రతి గదిలోనూ చీమగుడ్ల కన్నా చిన్నవి, తెల్లటి గింజల వరసలు. ఇన్నేళ్ళూ ఎన్ని ఇళ్ళు చెత్తబుట్టలో పోసిందో!

సాయంత్రం పిడుగు బ్రెయిలీ చుక్కల పుస్తకం తెరిచి వేళ్ళతో చదువుతూ పేర్లు చెప్పింది. లోపలి దారం కీలం, కొసనున్న మఖమలు చుక్కలు కీలాగ్రాలు, అడుగున బుడిపె అండాశయం. పుప్పొడి కీలాగ్రం మీద పడి, అక్కణ్ణుంచి అండాశయం దాకా చేరాలి.

"ఎలా చేరుతుందే? దానికేమన్నా కాళ్ళా?"

"ఒక్కో రేణువుకీ సన్నటి గొట్టం మొలిచి, ఈ దారం లోపలగా కిందికి దిగుతుందంట."

పూలత్త కీలాన్ని తన వేలి పక్కన పెట్టి కొలుచుకుంది. నలుసంత పొడి, వేలెడు దారి. "అబ్బో!" అంది.

కొత్త మందారం పని మొదలైంది. రేకులకు తోలు పనికిరాదని తేలింది కనుక పట్టు రెండు పొరలు వేసి, ఈనెలు వేలికి తగిలేలా లావు దారంతో కుట్టింది. కింది పచ్చని దొప్పకు, గొట్టానికి మాత్రం తోలే. గొట్టంలోకి మైనం దారం పురిపెట్టి దూర్చి, కొసన ఐదు మఖమలు గుండ్లు కట్టింది. అండాశయానికి పచ్చ తోలును కమలాతొనల్లా ఐదు ముక్కలు కోసి, తొన తొనకూ చిన్న పూసలు పోసింది. కష్టమంతా వీటిని కలపడంలో వచ్చింది. దగ్గరికి లాగి బిగించడం ఆమె చేతులకు నిద్రలో కూడా వచ్చు, వదలడం రాదు. ప్రతి అతుకు దగ్గరా లాగితే విడిపోయే టిచ్ బటన్ పెట్టాలని అనుకుంటూనే ముడి వేసేసేది.

"అత్తా, ఇక్కడ రావట్లేదు," అనేది పిడుగు. నాలుక్కరుచుకుని కత్తెర తీసేది పూలత్త.

"ఊడకుండా కుట్టడానికి కూడా ఇంత అవస్థ పడలేదు నువ్వు," అన్నాడు మేస్త్రి.

"మీ సంచికి మూత ఉండదా? తెరవడం రాని సంచి ఎవరిక్కావాలి?"

"అదీ నిజమే," అని ఆయనే గట్టి టిచ్ బటన్లు ఏరి ఇచ్చాడు.

గురువారం సాయంత్రానికి పువ్వు పూర్తిగా విడిపోయింది, మళ్ళీ పూర్తిగా కలిసింది. పిడుగు దాన్ని విప్పుతూ, పెడుతూ, పేర్లు చెప్పుకుంటూ, తల్లి వచ్చి పిలిచేదాకా వదల్లేదు. ఆ పిల్ల వెళ్ళాక పూలత్త పువ్వును సర్దుతుంటే అండాశయం పక్కన దారప్పోగు ఒకటి వేలాడుతూ కనిపించింది. మనసు భోజనం సంగతి ఆలోచిస్తోంది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. సూదిని ఒకసారి అటూ ఇటూ తిప్పి, బిగించి, తుంచేసింది. కుట్టు వేసినట్టు ఆమెకే తెలియలేదు.

శుక్రవారం హెడ్‌మేడం గదిలో బల్లకు అటు హెడ్‌మేడం, సైన్సు మాస్టారు, ఇటు పిడుగు. తలుపు పక్క కుర్చీలో పూలత్త. "మీరు మాత్రం నోరు విప్పకూడదు," అన్నది హెడ్‌మేడం షరతు.

పిడుగు మొదలుపెట్టింది. పచ్చని దొప్ప, రక్షక పత్రాలు. టిక్, టిక్ మంటూ రేకులు ఒకదాని తర్వాత ఒకటి బల్ల మీదికి వచ్చాయి. ప్రతి రేకూ పక్కదాన్ని ఒక అంచున కప్పి, ఇంకో అంచున అటు పక్కదాని కింద దాక్కుంటుందని చూపించింది. గొట్టం మీది సన్నటి కాడలు కేసరాలని తడిమి చెప్పింది. గొట్టంలోంచి కీలాన్ని మెల్లగా బయటికి తీస్తుంటే మాస్టారు కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"కిందది అండాశయం. లోపల ఐదు గదులు."

"తెరిచి చూపించమ్మా."

పిడుగు లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. పూలత్తకు ఒక్కసారిగా నిన్నటి దారప్పోగు గుర్తొచ్చింది. నోరు విప్పితే షరతు తప్పినట్టు, విప్పకపోతే పిల్ల ఓడినట్టు.

"పరవాలేదులే," అంది హెడ్‌మేడం, అదే ప్రేమగొంతుతో. "పుస్తకంలో ఉన్నది బాగానే బట్టీ పట్టావు."

పిడుగు మొహం ఎర్రబడింది. బొటనవేలితో అండాశయం చుట్టూ, తొన తర్వాత తొన, నెమ్మదిగా వెతుకుతూ వచ్చింది. ఒకచోట ఆగింది. గోటితో గీకి చూసింది.

"మేడం, ఇక్కడొక కుట్టుంది. ఇది మందారంలో ఉండదు. నిన్న సాయంత్రం దాకా ఇందులోనూ లేదు. ఇది మా అత్త."

మాస్టారుకు నవ్వాగక పొలమారింది. హెడ్‌మేడం లేచి వచ్చి, పిడుగు వేలి దగ్గర తలవంచి, కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. పచ్చ తోలు మీద పచ్చ దారం. చెబితే తప్ప కనబడదు.

"కత్తెర ఇప్పిస్తారా మేడం?"

ఆవిడే సొరుగులోంచి తీసి చేతికిచ్చింది. దారం తెగింది, తొనలు విచ్చుకున్నాయి, పూసలు జలజలా రాలి గదంతా దొర్లాయి. పిడుగు ఐదు గదుల్లోనూ వేలు పెట్టి చూపించింది. హెడ్‌మేడం అప్పటికే బల్ల కిందికి వంగి పూసలు ఏరుతోంది.

"మేడం, మరి నేను..."

"క్లాసుకి పోవే తల్లీ, బెల్లు కొడతారు," అంది బల్ల కింది గొంతు. "ఆ పువ్వు కూడా పట్టుకుపో."

పూలత్త పూసలు రుమాలులో మూటకట్టుకుని వరండాలోకి వచ్చేసరికి క్లాసులో గోలగోలగా ఉంది. టిక్, టిక్. "గొట్టం నాకివ్వరా!" "లాగకండ్రా, మెల్లిగా!" అని పిడుగు అరుపు. పట్టు పర్రుమన్న చప్పుడు కూడా వినబడింది. ఇంకో రెండు రేకులు ఎక్కువ కుట్టి ఉంచడం మంచిదనుకుంటూ ఆమె మెట్ల వైపు నడిచింది.

"మాస్టారూ," అంటోంది లోపల ఎవరిదో సన్నటి గొంతు, "అన్ని గింజలుంటే మా ఇంటి మందారానికి కాయ ఎప్పుడూ కాయదేం?"

పూలత్త ఆగిపోయింది. అవును, కాయ! ఇన్ని పూలు వలిచింది, మందారం కాయ ఎప్పుడన్నా చూసిందా? దుకాణంలో పని కాసేపు ఆగుతుందిలే అనుకుని వెనక్కి వచ్చి, క్లాసు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.